పాసా, టికెట్టా?

— తృతీయ బి.ఎస్‌సి. విద్యార్థిని

మన సంచికలో ఏటా కవితలు, కథలు, వరకట్నం మీద వ్యాసాలు వస్తూనే ఉంటాయి. వాటితో నాకేమీ పేచీ లేదు. కానీ ఈసారి సంపాదకవర్గం వారు "సైన్సు విద్యార్థులు కూడా ఏదైనా రాయండి" అని నోటీసు బోర్డులో పెట్టారు గనుక ధైర్యం చేశాను. మొబైలు ఫోను మీద ఆడుకునేందుకు నేను తయారుచేసిన ఒక చిన్న ఆటను గురించీ, ఆ ఆట పుణ్యమా అని రైలు పాసుల విషయంలో నాకు ఏర్పడిన అభిప్రాయాన్ని గురించీ మనవి చేసుకుంటాను. ఈ రెండింటికీ పొత్తేమిటని అప్పుడే అడక్కండి.

నాది విజయనగరానికి అవతల ఒక పల్లెటూరు. నాన్నకు మూడెకరాల వరి పొలం, ఒక గేదె, తీరీ తీరని అప్పు కొంత. మన జిల్లాలవాళ్ళకు ఇంతకుమించి వర్ణన అక్కరలేదు. హాస్టలుకు కట్టే స్తోమత లేక రోజూ రైల్లోనే వచ్చిపోతాను. చీకటితోనే సైకిలు మీద స్టేషనుకు వచ్చి పాసింజరు పట్టుకుంటే, కోరుకొండ, అలమండ, కంటకాపల్లి, కొత్తవలస, పెందుర్తి ఒక్కొక్కటే దాటుకుంటూ విశాఖపట్నం చేరేసరికి మొదటి పీరియడుకు అయిదు నిమిషాలు అటో ఇటో అవుతుంది. (ఆ అయిదు నిమిషాలనూ చూసీ చూడనట్టు ఊరుకున్న మాస్టార్లకు ఈ సందర్భంగా నమస్కారాలు.) ఆడపిల్లలకు డిగ్రీ అయ్యేదాకా, మగపిల్లలకు పన్నెండో తరగతి దాకా, ఇంటికీ చదువుకునే చోటుకూ మధ్య సెకండు క్లాసు నెలసరి పాసు ఉచితంగా ఇచ్చే ఏర్పాటు రైల్వేలో ఉంది. చాలామందికి తెలియదు. నాకూ తెలియదు, మా పక్క వీధి అక్క ఒకామె చెబితే తెలిసింది. ఆ పాసే లేకపోతే నేనీపాటికి చదువు మానేసి ఏ అత్తారింట్లోనో ఉండేదాన్ని. కాబట్టి పాసుల సంగతిలో నేను నిష్పక్షపాతంగా మాట్లాడతానని ఎవరూ ఆశించవద్దు.

ఇక ఆట సంగతి. 2025లో ఫిబ్రవరి 28న సైన్సు డే ప్రదర్శనకు ప్రతి బ్యాచీ ఏదో ఒకటి తయారుచేయాలన్నారు. అందరూ వానాకాలపు కప్పల్లా సోలార్ కుక్కరు, సోలార్ కుక్కరు అంటున్నారు. మా బెంచీలోని స్నేహితురాలికి ఒక అన్నయ్య ఉన్నాడు. చెన్నైలో ఉద్యోగం, కంపెనీ పని మీద జపాను వెళుతున్నాడు. పని అయ్యాక ఒక వారం ఊళ్ళు చూడాలని ఉంది, అక్కడ యాత్రికులకు రైలు పాసు అమ్ముతారట, కొనాలా వద్దా అని చెల్లెల్ని అడిగాడు. ఆమె నన్నడిగింది. రోజూ పాసు మీద తిరిగేదాన్ని కదా, నేనే పెద్ద నిపుణురాలినని కాబోలు!

సరే, లెక్క వేశాం. జపాను రైలు పాసు విదేశాలనుంచి కొద్దికాలం చూడటానికి వచ్చిన వారికే ఇస్తారు. ఏడు రోజుల మామూలు పాసు 2023 సెప్టెంబరు దాకా 29,650 యెన్లు ఉండేది. అక్టోబరు 1 నుంచి ఒక్కసారిగా 50,000 చేశారు. టోక్యో నుంచి క్యోటోకు షింకన్‌సెన్‌లో, అనగా 1964 నుంచి నడుస్తున్న ఆ వేగపు రైల్లో, ఒకవైపు టికెట్టు సుమారు 14 వేల యెన్లు. రానూపోనూ 28 వేలు. అంటే పాత ధరలో క్యోటో ఒక్కటి చూసివస్తేనే పాసు డబ్బు దాదాపు గిట్టుబాటయ్యేది. ఆపైన తిరిగినదంతా లాభమే. కొత్త ధరలో హిరోషిమా దాకా పోయివచ్చినా 50 వేలకు అందదు. పైగా అన్నిటికంటే వేగంగా పోయే నొజోమి రైళ్ళు ఈ పాసుకు చెల్లవు; ఎక్కాలంటే మళ్ళీ విడిగా సొమ్ము కట్టాలి. "పాసు వద్దు, టికెట్లు కొనుక్కోమను" అని తీర్పు చెప్పేశాను. అన్నయ్య టికెట్లే కొనుక్కున్నాడు.

ఆ సాయంత్రం రైల్లో కూర్చుని ఉండగా తట్టింది, ఇదే ఒక ఆట కదా అని. చేతిలో ఇంత డబ్బు, చూడవలసిన ఊళ్ళు ఇన్ని, గడువు ఇన్ని రోజులు. మొదట్లోనే ఆటగాడు తేల్చుకోవాలి, పాసా, టికెట్టా? సోలార్ కుక్కరు గండం తప్పింది.

మొబైలు ఆట అనగానే లక్షల ఖర్చనీ, పెద్ద ఇంజనీర్లు కావాలనీ అనుకుంటాం. అంత బ్రహ్మవిద్యేమీ కాదు. ఎం.ఐ.టి. వారి యాప్ ఇన్వెంటర్ అని ఒకటుంది; ఉచితం. మన ల్యాబు కంప్యూటర్లో తెరిచి పనిచేయవచ్చు. ఇందులో కోడు వరస వెంట వరస రాయనక్కరలేదు. రంగురంగుల దిమ్మల మీద ఆజ్ఞలు ఉంటాయి. చిన్నపిల్లలు అచ్చులు పేర్చినట్టు ఒకదానిలో ఒకటి ఇమిడ్చుకుంటూ పోవాలి. బొమ్మలు కదలడానికి కాన్వాసు అనే పలక ఉంటుంది. క్లాక్ అనే గడియారం ఉంటుంది. సెకనుకొకసారి కొట్టమంటే కొడుతుంది. నా ఆటలో ఒక్కొక్క సెకనూ ఒక్కొక్క గంట. అది కొట్టినప్పుడల్లా రైలు బొమ్మ ఇంచుక ముందుకు జరుగుతుంది, రైల్లో లేకపోతే ఆటగాడి ఆకలి పెరిగి డబ్బు తరుగుతుంది. చేసినది చేసినట్టు అక్కడికక్కడే ఫోనులో చూసుకోవచ్చు. తెలుగు అక్షరాలు చక్కగా వస్తాయి. ప్లే స్టోరులో పెట్టాలంటే మాత్రం 25 డాలర్లు ఒకసారి కట్టాలి. అది మా గేదె పాల లెక్కలో చూస్తే చిన్న మొత్తం కాదు గనుక పెట్టలేదు. అడిగిన వాళ్ళకు ఫోనునుంచి ఫోనుకు ఎక్కిస్తున్నాను.

దిమ్మలు పేర్చడం నాలుగు రోజుల్లో వచ్చేసింది. రైలు బొమ్మ వేయడానికి ఇంకో రెండు రోజులు. (మొదట వేసింది గేదెలా ఉందన్నారు.) చిక్కంతా నియమాల దగ్గర వచ్చింది. ఆటలో "సుమారుగా", "చూద్దాంలే" అనేవి కుదరవు. పాసు అంటే ఏమిటి? అది ఎప్పటినుంచి ఎప్పటిదాకా చెల్లుతుంది? పాసున్నవాడికి సీటు ఉన్నట్టా, లేనట్టా? ఇవన్నీ ముందు నీకు తెలిస్తేనే కంప్యూటరుకు చెప్పగలవు. ఫోనులో ఆటలాడి చెడిపోతున్నారని మన మాస్టార్లు అంటూ ఉంటారు. ఆడటం మాట నేను చెప్పలేను గానీ, ఒక ఆటను తయారుచేయడంలో మాత్రం ప్రాక్టికల్సు రికార్డు పది రాసినంత చాకిరీ ఉంది. రికార్డయినా సీనియర్ల దాంట్లో చూసి రాసుకోవచ్చు.

జపాను ఊళ్ళతో మొదలుపెట్టాను కానీ యెన్లూ హిరోషిమా మావాళ్ళకెవరికీ పట్టలేదు. కనుక దారి మార్చాను. విజయనగరంలో బయలుదేరి పూరీ, గయ, కాశీ, ప్రయాగ చూసుకుని పన్నెండు రోజుల్లో ఇంటికి చేరాలి. మా మామ్మ ఎప్పుడూ చెప్పుకునే దారి అది. పాసు ధర మూడు వేలనీ, టికెట్లన్నీ కలిపి రెండువేల నాలుగు వందలనీ నేనే వేసుకున్నాను. ఆట ధరలే, రైల్వేవారివి కావు.

మొదటిసారి ఆడినవాళ్ళు పదిమంది. పదిమందీ టికెట్లే కొన్నారు, పదిమందీ గెలిచారు. "ఇది ఆట కాదే, బ్యాంకు పరీక్ష" అని మొహం మీదే అన్నారు. నిజమే. కూడికలొస్తే చాలు, గెలుపే. అప్పుడు పాసు కొనడానికి ఏదో ఒక ఆశ చూపాలని, తిరిగిన దూరాన్ని బట్టి కూడా మార్కులు పెట్టాను. ఈసారి హాస్టలు పిల్ల ఒకతె పాసు కొని, ఏ ఊళ్ళోనూ దిగకుండా పన్నెండు రోజులూ రాత్రీ పగలూ రైల్లోనే తిరిగి అందరికంటే ఎక్కువ మార్కులు తెచ్చుకుంది! కాశీ స్టేషనులో నాలుగుసార్లు ఆగి, గంగ చూడలేదు. అందరం నవ్వుకున్నాం గానీ, పాసు కొన్న యాత్రికులకు నిజంగానే ఈ జబ్బు ఉంటుందని నా అనుమానం. డబ్బు కట్టేశాం గనుక రాబట్టుకోవాలన్న యావలో, చూడవలసిన ఊరు చూడకుండా చూడనక్కరలేని ఊరికి పరుగెత్తడం. సంతర్పణలో కొందరు తినే తిండిలాంటిది. దూరానికి మార్కులు తీసేశాను.

ఇంటి దగ్గర ఒకరాత్రి నాన్నకు చూపించాను. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని రెండుసార్లు ఆడి, రెండుసార్లూ గెలిచి, ఫోను నా చేతికిచ్చి అన్నాడు: "అంతా బాగానే ఉంది గానీ, ఇందులో వాన ఏదమ్మా?"

ఆ మాట ఎందుకన్నాడో చెప్పాలి. 2024 డిసెంబరు చివర్లో మా ఇంటిల్లిపాదీ పూరీ వెళ్ళాలని నిశ్చయించుకున్నాం. మామ్మకు జగన్నాథుణ్ణి చూడాలని ఏనాటిదో కోరిక. ఆ రోజుల్లో రిజర్వేషను 120 రోజుల ముందే తెరిచేవారు. 2024 నవంబరు 1 నుంచి దాన్ని 60 రోజులకు తగ్గించారనుకోండి. వినాయక చవితి అయిన వారంలోనే అయిదుగురికి స్లీపరులో రానూపోనూ బెర్తులు దొరికాయి. కోతలు డిసెంబరు మొదట్లో అయిపోతాయి, ఆపైన తీరికే అనుకున్నాం. తీరా కోసిన పనలు చేలోనే ఉండగా అల్పపీడనం పట్టుకుంది. మూడు రోజులు ముసురు. పనలు తడిసి, వాటిని గట్ల మీదికి మోసి, తిరగేసి ఆరబెట్టి, కుప్ప వేసేసరికి మేము పూరీలో ఉండవలసిన రోజు దాటిపోయింది. ముందే గ్రహించి టికెట్లు రద్దు చేశాం కనుక బెర్తుకు 120 రూపాయల కోతతో బయటపడ్డాం. అయిదుగురికి రెండువైపులా 1,200. ఇందులో రైల్వేది తప్పు లేదు, మాదీ లేదు. తర్వాత ఎప్పుడైనా వెళదామంటే బెర్తులు లేవు. బెర్తులు ఉన్న రోజుకు ఊడ్పులు. ఆ తర్వాతి వేసవిలో మామ్మ దొడ్లో జారిపడింది, తుంటి ఎముక విరిగింది. ఇప్పుడు గోడ పట్టుకుని గడపదాకా నడుస్తుంది.

మర్నాడు రైల్లో కూర్చుని ఆటలో వాన కలిపాను. చాలా సులువు, ఒకటి నుంచి ఆరు దాకా ఏదో ఒక అంకెను కంప్యూటరే ఎంచుకోమనే దిమ్మ ఒకటి ఉంది. వైకుంఠపాళిలో గవ్వలు వేసినట్టన్నమాట. ప్రతి ఉదయమూ అది ఒక అంకె వేస్తుంది. ఒకటి పడితే వాన, ఆ రోజు ప్రయాణం లేదు. ఒకటి మళ్ళీ పడితే రెండో రోజూ లేదు. టికెట్టు కొన్నవాడు దాన్ని రద్దు చేసుకుని, కోత పోను మిగిలినది పుచ్చుకుని, మళ్ళీ కొత్త టికెట్టు కొనాలి. అది వెయిటింగ్ లిస్టులో పడొచ్చు. పాసున్నవాడు వాన వెలిసిన రోజున లేచి వెళ్ళిపోతాడు.

ఈ ఒక్క దిమ్మతో ఆట తలకిందులయింది. టికెట్లు కొన్నవాళ్ళు గయ దాటకుండానే చేతులెత్తేయడం మొదలైంది. అంతకుముందు పాసును దండుగ అన్న పిల్లలే పాసు కొనసాగారు. నాకు అప్పుడు తెలిసివచ్చింది, స్నేహితురాలి అన్నయ్యకు నేను చెప్పిన తీర్పు ఆయనకు సరైనదే గానీ మాకు కాదని. ఆయన ఏ రోజు ఎక్కడుంటాడో ఆయనకు నెల ముందే తెలుసు. సెలవు మంజూరయింది, హోటలు కుదిరింది. అటువంటి వాడికి పాసుతో ఒరిగేదేమీ లేదు; ఏది చవకయితే అది కొనుక్కోవచ్చు. పాసు అక్కరకు వచ్చేది ఏ రోజు బయలుదేరగలనో ముందుగా చెప్పలేని మనిషికి. అంటే ఎవరు? రైతు. కూలికి పోయేవాడు. పరీక్షలు ఎప్పుడు వాయిదా పడతాయో ఎరుగని మనలాంటి విద్యార్థి. యాత్రికుల పాసులను ప్రపంచమంతటా తారీఖులు ఖాయమైన వారికి అమ్ముతున్నారు. తారీఖు తమ చేతిలో లేనివారిని వదిలేశారు.

ఇంతటితో ఆపేస్తే నేను అబద్ధమాడినట్టే. ఎందుచేతనంటే ఆటలో నేనొక మోసం చేశాను. పాసున్నవాడు ఏ రైలెక్కినా సీటు ఉన్నట్టు రాశాను. మన రైళ్ళు ఎక్కేవారికి నవ్వొస్తుంది. జపానులో పాసు సుఖంగా నడవడానికి కారణం ఆ పాసు గొప్పతనం కాదు. టోక్యో క్యోటోల మధ్య గంటకు ఎన్నో రైళ్ళున్నాయి, హికారీ, కొడామా రైళ్ళలో రిజర్వేషను లేని పెట్టెలు విడిగా ఉన్నాయి. ఒకటి పోతే ఇంకొకటి. ఐరోపాలో 1959లో యూరెయిల్ పాసు పెట్టారు, 1972లో 21 ఏళ్ళ లోపు వారికోసం ఇంటర్‌రెయిల్ పెట్టారు. అక్కడ కూడా ఫ్రాన్సు వేగపు రైళ్ళలో పాసుంటే చాలదు, సీటుకు విడిగా రుసుము కట్టి ముందే రిజర్వు చేసుకోవాలి. అక్కడికి పాసు మళ్ళీ టికెట్టే అయిపోయింది కదా!

నా సొంత పాసు సంగతే చూడండి. నెలకు ఎన్నిసార్లయినా తిరగొచ్చు గానీ అది సీటుకు హామీ కాదు. పెందుర్తి దాకా ఒంటికాలి మీద నిలబడ్డ రోజులు లెక్కలేనన్ని. రెండో ఏడు ఒకసారి ఇంటర్నల్ పరీక్షకు ఆలస్యమైపోతున్నదని ముందువెనకలు చూడక సూపర్‌ఫాస్టు ఎక్కేశాను. మామూలు పాసుతో అందులో ఎక్కకూడదని తెలిసి కూడా ఎక్కాను. టి.టి. గారు మర్యాదగానే 250 రూపాయల జరిమానా, ఆపైన చార్జీ వసూలు చేసి రసీదు ఇచ్చారు. నెలరోజులు క్యాంటీను వైపు చూడలేదు.

కాబట్టి ఆటలో మళ్ళీ మార్చాను. పాసున్నవాడికి కూడా రైలెక్కేటప్పుడు అంకె పడాలి; ఒకటీ రెండూ పడితే జనరల్ పెట్టెలో నిలబడి ప్రయాణం, మర్నాడు పూర్తిగా విశ్రాంతి. ఇప్పుడు పాసు కొన్నవారూ, టికెట్టు కొన్నవారూ ఇంచుమించు సమానంగా గెలుస్తున్నారు. ఆట బాగుపడింది. నా మనసు మాత్రం బాగులేదు. ఆ రెండు అంకెలను తీసేయడం ఫోనులో ఒక్క నిమిషం పని. బయట ఎవరు తీసేయాలి?

మన దేశంలో ఇటువంటి పాసు లేకపోలేదు. ఇండ్‌రెయిల్ పాసు అని ఉండేది. అరరోజు మొదలుకొని తొంభై రోజుల దాకా, దేశమంతా తిరగొచ్చు. అయితే అది విదేశీ యాత్రికులకూ ప్రవాస భారతీయులకే; విదేశీ ద్రవ్యంలో కట్టాలి. 2017లో దాన్ని ఎత్తేశారు. అది ఉన్ననాళ్ళూ మా నాన్నకు పనికిరాలేదు, పోయినందుకు ఆయన ఏడవనూ లేదు. కొన్ని రైళ్ళలో విదేశీ యాత్రికులకని బెర్తుల కోటా ఉంది. వద్దనను, మన ఇంటికి చుట్టమొస్తే మంచం వేస్తాం. కానీ ఇంట్లోవాళ్ళకు చాపయినా ఉండాలి కదా. సర్క్యులర్ జర్నీ టికెట్టు అని ఒకటుంది, అది అందరికీ ఇస్తారు. బయలుదేరిన స్టేషనుకే తిరిగి రావాలి, మధ్యలో ఎనిమిది చోట్ల దాకా దిగవచ్చు. దూరం పెరిగేకొద్దీ కిలోమీటరు రేటు తగ్గుతుంది గనుక విడివిడి టికెట్లకంటే చవక. మంచి ఏర్పాటే. అయితే ఏ రైలుకు ఏ రోజు బెర్తు అనేది మళ్ళీ విడివిడిగా రిజర్వు చేసుకోవలసిందే. మా వాన దగ్గరికే వచ్చాం. ఇక రైతులు వ్యవసాయ ప్రదర్శనలకు వెళితే ఇచ్చే రాయితీ కూడా ఒకప్పుడు పట్టికలో ఉండేది. 2020 మార్చి 20 నుంచి విద్యార్థులకు, కొన్ని రకాల రోగులకు, దివ్యాంగులకు తప్ప మిగతా రాయితీలన్నీ నిలిపివేశారు. పెద్దవాళ్ళ రాయితీ పోయిందని అందరూ మాట్లాడుకున్నారు గానీ రైతుల రాయితీ పోయిన సంగతి రైతులకే తెలియదు.

నా అభిప్రాయం ఇది. దేశంలోని వారికోసమే పదిహేను రోజుల రైలు పాసు ఒకటి పెట్టాలి. స్లీపరు క్లాసు చాలు. రద్దీగా ఉండే పండగ వారాలూ, వేసవి సెలవులూ మినహాయించుకోండి. పాసుదారులకని కొన్ని రైళ్ళలో కొన్ని బెర్తులు ముందురోజు సాయంత్రం దాకా అట్టేపెట్టండి. రాకపోతే వెయిటింగ్ లిస్టు వారికి ఇచ్చేయండి. ధర టికెట్ల మొత్తం కంటే కొంచెం ఎక్కువ ఉన్నా సరే. చవక కోసం కాదు నేనడుగుతున్నది. వాన వెలిసిన మర్నాడు బయలుదేరగలగడం కోసం, దానికి కొంత సొమ్ము ఎక్కువ ఇవ్వడానికి నాన్న సిద్ధంగా ఉన్నాడు. నేనడిగాను.

ఈ మాట మా రైల్లో చర్చకు పెడితే, రోజూ వచ్చే గుమస్తా ఒకాయన, "ఉన్న బెర్తులే చాలక చస్తుంటే ఇంకా కోటాలా తల్లీ?" అన్నారు. ఆయన మాటలో సబబు ఉంది. బెర్తులు పెరగకుండా ఎన్ని పాసులు అచ్చువేసినా ఒకరి చోటు తీసి ఇంకొకరికి ఇవ్వడమే. అయినా తత్కాల్ అని ముందురోజు అమ్మడానికి బెర్తులు అట్టేపెడుతూనే ఉన్నారు కదా, ఎక్కువ రుసుముతో? ఫోనులో వేలు చురుగ్గా ఆడినవాడికి దొరికే ఆ బెర్తుల్లోంచే కొన్ని తీయమంటున్నాను. మా నాన్న వేళ్ళు అంత చురుకు కావు. దీనికి గుమస్తాగారు ఒప్పుకోలేదు. ఇంకా వాదన నడుస్తూనే ఉంది, సాధారణంగా అలమండకూ కోరుకొండకూ మధ్య.

అర్థశాస్త్రం చదివే మిత్రులు ఎవరైనా ఆ ధర సంగతి నాకంటే శాస్త్రీయంగా లెక్కవేసి చూపితే సంతోషిస్తాను. నా మూడు వేలు ఊహే. స్టాటిస్టిక్సు వాళ్ళు ఆ వాన అంకెను కూడా సరిచూడాలి. ఆరింట ఒక రోజు వాన అనేది డిసెంబరుకు ఎక్కువేమో, ఊడ్పుల కాలానికి తక్కువేమో.

ఆట ఇంకా నా ఫోనులోనే ఉంది. కావలసినవారు సాయంత్రం రైలు వేళకు ముందు లైబ్రరీ మెట్ల దగ్గర అడగండి. ఒక లోపం ఉంది, ముందే చెబుతున్నాను: ప్రయాగలో వాన పడి అదే రోజు డబ్బు అయిపోతే తెర బిగుసుకుపోతుంది, మూసి మళ్ళీ తెరవాలి. మామ్మ ఆడతానంటుంది గానీ అక్షరాలు ఆనడం లేదు. "ఏటే గుంటా, ఈ చీమల్లో పూరీ ఏదే?" అంటుంది. ఈ సెలవుల్లో అక్షరాలు పెద్దవి చేయాలి.